నిద్రలో ఊపిరి ఆగుట – రక్తనాళముల ఆరోగ్యము: ఒక చారిత్రక పరిశీలనము

గాఢనిద్రను వర్ణించుటకు మన భాషలో "గుర్రుపెట్టి నిద్రపోయినాడు" అనుట పరిపాటి. ఇంటి పెద్దకు గురక పట్టినచో "పాపము, అలసి హాయిగా నిద్రించుచున్నాడు" అని తలుపు దగ్గరగా వేయుదురు. రామాయణమునందలి కుంభకర్ణుని నిద్ర మన పిల్లలకు వినోదకథ. నిద్రలో అతడు విడిచిన ఊపిరిగాలికి ఎదుట నిలువలేక రాక్షసులు తూలిపోయిరని వాల్మీకి వర్ణించెను. నిద్ర ఎంత చప్పుడు చేసిన అంత సుఖమైనదను భావము మన మాటలలోను కథలలోను పాతుకొని యున్నది. ఈ భావము మనకు మాత్రమే చెందినది కాదు. పాశ్చాత్యులును గురకను చాలకాలము నవ్వులాటగానే యెంచిరి. వైద్యశాస్త్రము ఆ భావమును విడుచుటకు ఇరువదియవ శతాబ్ది ఉత్తరార్ధము రావలసి వచ్చెను.

గురక నడుమ ఊపిరి ఆగిపోవు వ్యాధి యొకటి కలదు. అది రక్తపోటును పెంచును. రక్తపోటు ముందే యున్న వృద్ధుల రక్తనాళములకు మరింత భారము కలిగించును. ఈ వ్యాధి యెట్లు కనుగొనబడెనో సంగ్రహముగ తెలుపుట ఈ వ్యాసమునకు ఉద్దేశము. ఆ చరిత్ర పొడవునను ఒక సత్యము కానవచ్చుచున్నది. పగటిపూట వైద్యుడు చూచినది చాలలేదు. రాత్రి ప్రక్కన పరుండినవారు ఎరిగినది కావలసి వచ్చినది. స్వరాష్ట్రమునకు వెలుపల నివసించు మన తెలుగువారికి ఈ సత్యము మరింత ముఖ్యమైనది. అందులకు కారణమును చివర మనవి చేసెదను.

పేరును గూర్చి

ఈ వ్యాధిని స్లీప్ ఆప్నియా అందురు. ఆప్నియా గ్రీకు పదము. అందలి రెండవ భాగమునకు ఊపిరి యని యర్థము. ముందున్న "అ" కారము లేమిని తెలుపును. మన అజ్ఞానము, అశాంతి మొదలగు పదములందలి సంస్కృత "అ" కారమునకు ఈ గ్రీకు "అ" కారము తోబుట్టువు. కావున ఆప్నియా యనగా ఊపిరి లేమి. తెలుగున దీనిని నిద్రాశ్వాసరోధము అనవచ్చును.

మేలుకొని యున్నపుడు గొంతులోని కండరములు బిగువుగా నుండి గాలిదారిని తెరచి యుంచును. నిద్రపట్టగానే అవి సడలును. కొందరిలో నాలుక మొదలు, మెత్తని అంగిలి వెనుకకు జారి దారిని ఇరుకు చేయును. ఆ ఇరుకుదారిలో గాలి పోవునపుడు కలుగు అదురే గురక. దారి పూర్తిగా మూసికొనిపోయినచో గురక ఆగి నిశ్శబ్దమగును. రొమ్ము ఎగసిపడుచునే యుండును గాని గాలి లోనికి పోదు. రక్తములో ప్రాణవాయువు తగ్గును. అపుడు మెదడు సగము మేలుకొని కండరములను బిగించును. రోగి పెద్దగా ఎగశ్వాస తీసి మరల గురక పెట్టును. ఇట్లు ఊపిరి 10 సెకండ్లు గాని అంతకు మించి గాని ఆగినచో దానిని ఒక రోధముగా లెక్కింతురు. గాలి పూర్తిగా ఆగక బాగుగా తగ్గిపోవు ఘట్టములను గూడ ఈ లెక్కలో చేర్చుదురు. గంటకు 5 మొదలు 15 వరకు కలిగిన స్వల్పమనియు, 15 మొదలు 30 వరకు మధ్యమమనియు, 30కి మించిన తీవ్రమనియు వైద్యులు విభజించిరి. తెల్లవారిన పిమ్మట రోగికి ఇందులో ఏదియు జ్ఞాపకముండదు. తన వ్యాధికి తాను సాక్షి కాలేకపోవుట ఈ వ్యాధి లక్షణము.

నవల నుండి ఆసుపత్రికి

ఆంగ్ల నవలాకారుడగు చార్లెస్ డికెన్స్ 1836–37 సంవత్సరములలో "పిక్విక్ పేపర్స్" అను నవలను భాగములుగా ప్రకటించెను. అందు జో యను స్థూలకాయుడైన పనికుర్రవాడు ఒకడు కలడు. ఏ పని చేయుచున్నను, ఎచట నున్నను నిద్రలోనికి జారిపోవుట వాని స్వభావము. పాఠకులు వానిని జూచి నవ్విరి, సోమరియనిరి. వానిది రోగము కావచ్చునని అప్పటి సామాన్య పాఠకునికి తోచి యుండదు.

1956వ సంవత్సరమున అమెరికాలోని బోస్టన్ నగర వైద్యులు బర్వెల్ మొదలగువారు ఒక రోగిని గూర్చి వ్రాసిరి. అతడు 51 సంవత్సరముల వ్యాపారి. బరువు 260 పౌనులకు మించినది. పేకాటలో గెలువదగిన ముక్కలు చేతనుండగనే నిద్రపోయి ఆటను జారవిడిచెను. అది జరిగిన పిమ్మట ఆసుపత్రిలో చేరెను. వైద్యులు డికెన్స్ పాత్రను స్మరించి ఈ స్థితికి "పిక్విక్ లక్షణ సముదాయము" అని పేరు పెట్టిరి. వారు రక్తములో బొగ్గుపులుసు వాయువు నిలిచిపోవుటను గుర్తించి, మత్తునిద్రకు అదియే కారణమని తలచిరి. రాత్రివేళ గొంతు మూసికొనిపోవు సంగతి వారి దృష్టికి రాలేదు. రోగిని వారు శ్రద్ధగా పరీక్షించిరి గాని నిద్రలో పరీక్షింపలేదు.

ఆ లోపము 1965లో తీరినది. ఫ్రాన్సు దేశమందలి మార్సేయి నగరమున గస్తో బృందమువారు, జర్మనీయందలి ఫ్రైబుర్గ్ నగరమున యుంగ్, కూలో యనువారు ఇట్టి రోగులను రాత్రియంతయు పరీక్షించిరి. మెదడు విద్యుత్తును, ఊపిరిని ఒక్కసారి గీతలుగా నమోదు చేసిరి. ఊపిరి మాటిమాటికి ఆగుచున్నదనియు, ఆగిన ప్రతిసారి మెదడు తటాలున మేలుకొనుచున్నదనియు ఆ గీతలు చూపినవి. పగటి మత్తునకు రాత్రి నిద్రాభంగమే మూలమని తేలినది. 1969లో కూలో బృందమువారు కంఠమునకు దిగువ శ్వాసనాళమునకు రంధ్రము చేసి గాలికి వేరుదారి కల్పించిరి. రోగి సుఖముగా నిద్రించెను. పగటి మత్తు వీడెను. అడ్డు గొంతులోనే యున్నదని దీనివలన రుజువయ్యెను.

రాత్రిని కొలిచినవారు

ఇచట రక్తపోటు చరిత్రను గొంత చెప్పవలెను. 1733లో స్టీఫెన్ హేల్స్ అను ఆంగ్ల మతాచార్యుడు గుర్రపు ధమనిలో గొట్టమమర్చి రక్తము ఎంత ఎత్తునకు లేచునో కొలిచిన వృత్తాంతమును ప్రకటించెను. 1896లో ఇటలీ వైద్యుడు రీవా-రొచ్చి చేతికి కట్టు పట్టీతో కొలుచు సాధనమును నిర్మించెను. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కావ్ ధమనిలోని చప్పుడును వినికిడి గొట్టముతో విను పద్ధతిని చెప్పెను. నేటికిని వైద్యుడు చేతికి పట్టీ కట్టి ధమని చప్పుడు వినునది ఆ పద్ధతి ననుసరించియే. అయినను ఈ కొలతలన్నియు రోగి మేలుకొని, కుర్చీలో కూర్చుండి యున్నప్పటివి. దినములో మూడవవంతు రక్తపోటు ఎట్లున్నదో సామాన్య వైద్యునికి తెలియకపోయెను.

ఇటలీలోని బొలోన్యా నగరమున లుగారేసి, కొక్కాన్యా యను వైద్యులు ఆ చీకటి భాగమును పరిశీలించిరి. వారు నిద్రించు రోగుల ధమనులలోని పోటును ఎడతెగక నమోదు చేసి 1972లో ఫలితములను ప్రకటించిరి. ఊపిరి ఆగిన ప్రతిసారి, ముఖ్యముగ అది తిరిగి వచ్చు క్షణమున, పోటు తటాలున పెరుగుచున్నట్లు కనబడెను. ఆరోగ్యవంతునికి నిద్రలో పోటు పగటికంటె నూటికి 10 మొదలు 20 వంతుల వరకు తగ్గవలెను. అదియే రక్తనాళములకు విశ్రాంతి. ఈ రోగులకు ఆ విశ్రాంతి లేకపోగా రాత్రియంతయు దెబ్బమీద దెబ్బ తగులుచుండెను.

పిమ్మట లుగారేసి బృందము ఆసుపత్రి గోడలు దాటి ప్రజలలోనికి వచ్చెను. ఇటలీ నడుమ నున్న చిన్న రాజ్యమగు సాన్ మరీనోలో 5,713 మందిని విచారించి 1980లో ఫలితములను ప్రచురించిరి. నిత్యము గురక పెట్టువారిలో రక్తపోటు ఎక్కువగా నుండెను. మధ్యకాలమున, 1976లో, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున గిల్లెమినో, టిల్కియన్, డిమెంట్ అనువారు ఈ వ్యాధికి నేటి పేరును స్థిరపరచిరి. స్థూలకాయులకు మాత్రమే ఇది కలుగునను భ్రమ గూడ అప్పటినుండి తొలగసాగెను.

అయినను గురకయు రక్తపోటును కలిసి యుండుట వేరు, ఒకటి మరొకదానికి కారణమగుట వేరు. రెండింటికిని స్థూలత్వమే మూలము కావచ్చును గదా యని సంశయము కలిగెను. కెనడాలోని టొరంటో నగరమున పరిశోధకులు శునకములకు నిద్రలో మాత్రమే గాలిదారి మూసి తెరచునట్లు ఏర్పాటు చేసిరి. కొన్ని వారములలో వాటి పగటి రక్తపోటు గూడ పెరిగెను. చప్పుడుతో నిద్ర చెరచినపుడు రాత్రి పోటు మాత్రమే పెరిగెను, పగటి పోటు పెరగలేదు. ఈ ఫలితములు 1997లో వెలువడినవి. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున 709 మందిని నాలుగేండ్ల పిమ్మట మరల పరీక్షించి 2000 సంవత్సరమున ఫలితములను ప్రకటించిరి. గంటకు 15 రోధములు గాని అంతకు మించి గాని గలవారిలో రక్తపోటు కలుగు అవకాశము, రోధములు లేనివారితో పోల్చగా, సుమారు మూడురెట్లు ఉండెను. వయస్సును, శరీరపు కొలతలను లెక్కలోనికి తీసికొనిన తరువాతనే ఈ భేదము నిలిచినది. 2003లో అమెరికా జాతీయ సంఘము రక్తపోటునకు గుర్తింపదగిన కారణముల పట్టికలో నిద్రాశ్వాసరోధమును చేర్చెను.

ధమని లోపలి పొర

రక్తనాళమును చాలకాలము ఉత్త గొట్టముగా భావించిరి. అమెరికా శాస్త్రవేత్త ఫర్చ్‌గాట్ 1980లో కుందేటి ధమనులపై చేసిన పరిశోధనమును ప్రకటించి ఆ భావమును మార్చెను. ధమని లోపలి పలుచని పొర చెడకుండ నున్నపుడు ఒక మందు వలన ధమని సడలెను. ఆ పొరను రాచి తీసివేసినపుడు సడలలేదు. ధమనిని సడలించు పదార్థమును ఆ పొరయే పుట్టించుచున్నదని దాని తాత్పర్యము. ఆ పదార్థము నైట్రిక్ ఆక్సైడ్ అని తరువాత తేలెను. ఇందులకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అను మువ్వురకు 1998లో నోబెల్ బహుమానము లభించెను.

ఈ పొర ఆరోగ్యమును నొప్పి లేకుండ పరీక్షింపవచ్చును. చేతికి పట్టీ బిగించి కొన్ని నిమిషములు రక్తమును ఆపి, పిమ్మట విడుతురు. ఒక్కసారిగా వచ్చిన ప్రవాహమునకు ధమని ఎంత వెడల్పగునో ధ్వనితరంగములతో చూతురు. పొర ఆరోగ్యముగా నున్నచో ధమని చక్కగా విచ్చుకొనును. చెడినచో బిగుసుకొని యుండును.

ఊపిరి ఆగి వచ్చుచుండుట ఈ పొరకు మూడు విధముల హాని చేయును. ప్రాణవాయువు తగ్గుచు పెరుగుచు నుండుటచే కణములను కాల్చునట్టి రసాయనములు పుట్టి నైట్రిక్ ఆక్సైడును హరించును. ప్రమాదమని తలచిన శరీరము నాళములను బిగించు నాడులను ప్రేరేపించును; ఆ ప్రేరణ పగలు గూడ నిలిచి యుండునని 1995లో అయోవా పరిశోధకులు నాడులలోని విద్యుత్తును కొలిచి చూపిరి. మూయబడిన గొంతుకు ఎదురుగా రొమ్ము బలముగా లాగుటవలన గుండెపైనను పెద్దధమనిపైనను అదనపు లాగుడు పడును.

వృద్ధుల విషయము

వయస్సు మీరినకొలది ధమనులు సహజముగనే గట్టిపడును. కావున రక్తపోటు కొలతలోని పై అంకె పెరుగును. నిద్రాశ్వాసరోధము గూడ వయస్సుతో అధికమగును. స్త్రీలలో ముట్లుడిగిన తరువాత హెచ్చును. మూడును కలిసినచోట ఏమగునను ప్రశ్నకు 2004లో ఒక సమాధానము వచ్చెను. అమెరికాలో 68 ఏండ్లు గాని అంతకు మించి గాని వయస్సు గల 1,037 మందిని నియతో మొదలగువారు పరీక్షించిరి. నిద్రలో ప్రాణవాయువు తక్కువగా నున్న కాలము పెరిగినకొలది ధమని విచ్చుకొను శక్తి తగ్గుచుండెను. 80 ఏండ్లలోపు వారిలోను, రక్తపోటు గలవారిలోను ఈ సంబంధము మరింత బలముగా నుండెను. రక్తపోటు గల వృద్ధుల నాళములకు రాత్రి ఊపిరి ఆగుట ఉపేక్షింపదగిన విషయము కాదని దీని సారము.

ఎదురుసాక్ష్యమును గూడ చెప్పుట న్యాయము. అమెరికాలోని మరొక పెద్ద పరిశీలనమున, 2005లో వెలువడిన ఫలితముల ప్రకారము, ఈ వ్యాధికిని రక్తపోటునకును గల సంబంధము 60 ఏండ్లలోపు వారిలో కనబడెను గాని అంతకు మించినవారిలో స్పష్టముగా కనబడలేదు. వృద్ధులలో నాళములు గట్టిపడుటకు ఇతర కారణములు పెక్కు గలవు. కావున వృద్ధుని రక్తపోటునంతయు గురకకు అంటగట్టరాదు. గురకను పూర్తిగా విడిచిపెట్టను రాదు. మూడునాలుగు మందులు వాడినను పోటు దిగనివారిలో ఈ వ్యాధి చాల తరచుగా కనబడునని మాత్రము వైద్యులు అంగీకరించిరి.

చికిత్సయు దాని హద్దులు

ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున కాలిన్ సలివన్ అను వైద్యుడు 1980 జూన్ మాసమున కొత్త ఉపాయమును ప్రయోగించెను. దుమ్ము పీల్చు యంత్రపు మోటారును తిరుగవేసి, ముక్కునకు అమర్చిన తొడుగు ద్వారా గాలిని మెల్లగా నిరంతరముగ నూదించెను. ఆ గాలి యొత్తిడికి గొంతు మూతపడలేదు. అయిదుగురు రోగుల ఫలితములను 1981లో ప్రకటించెను. నేడు సీపాప్ అని పిలువబడు యంత్రము ఇదియే. కంఠమునకు రంధ్రము చేయవలసిన అవసరము దీనివలన చాలవరకు తప్పినది.

సీపాప్ పగటి మత్తును బాగుగా తగ్గించును. రక్తపోటునందు దాని ఫలితము మితమైనది. మందులకు లొంగని రక్తపోటు గల 194 మందిపై స్పెయిన్ దేశమున జరిగిన పరిశోధనమున, 12 వారముల చికిత్స వలన ఇరువదినాలుగు గంటల సగటు పోటు 3 మిల్లీమీటర్లకు కొంచెము మించి తగ్గినదని 2013లో ప్రకటించిరి. నిద్రలో పోటు తగ్గు సహజక్రమము గూడ పెక్కుమందిలో తిరిగి వచ్చెను. బ్రిటనులో 65 ఏండ్లు దాటిన 278 మందిపై జరిగి 2014లో వెలువడిన పరిశోధనమున మత్తు తగ్గెను గాని రక్తపోటు తగ్గలేదు. భారతదేశముతో కూడ ఏడు దేశములలో 2,717 మందిపై జరిగి 2016లో వెలువడిన పరిశోధనమున, ఇదివరకే గుండెకు గాని మెదడు నాళములకు గాని జబ్బు కలిగినవారికి సీపాప్ వలన గుండెపోటు, పక్షవాతము మొదలగునవి తగ్గలేదు. ఆ రోగులు సగటున రాత్రికి 3 గంటల 20 నిమిషములు మాత్రమే యంత్రమును వాడిరి. చాలినంతసేపు వాడినచో మేలు కలుగునా యను చర్చ నిపుణులలో సాగుచునే యున్నది. బరువు తగ్గుట, మద్యము మానుట, ప్రక్కకు తిరిగి పరుండుట కొందరికి ఉపకరించును. స్థూలకాయులకు బరువు తగ్గించు టిర్జెపటైడ్ అను మందును ఈ వ్యాధి చికిత్సకై 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము అనుమతించెను. ఇవి యేవియు రక్తపోటు మందులకు బదులు కావు. వైద్యుడు చెప్పనిదే ఆ మందులను మానరాదు.

మన కర్తవ్యము

ఈ వ్యాధి పరదేశములకు పరిమితమైనది కాదు. మన తెలుగువారు తరతరములుగా నివసించుచున్న ముంబయి నగరమున 35 మొదలు 65 ఏండ్ల పురుషులపై జరిపిన పరిశీలనము 2004లో వెలువడెను. నూటికి సుమారు 19 మందిలో నిద్రలో శ్వాసకు భంగము కలుగుచున్నట్లును, ఏడుగురికి మించి పగటి మత్తుతో గూడిన వ్యాధి యున్నట్లును అందు తేలినది.

2008లో కెనడా వైద్యులు ఈ వ్యాధిని అనుమానించుటకు నాలుగు ప్రశ్నలను కూర్చిరి. గురక పెద్దదిగా నున్నదా? పగలు అలసటయో మత్తో కలదా? నిద్రలో ఊపిరి ఆగుట ఎవరైనను చూచిరా? రక్తపోటు కలదా? మూడవ ప్రశ్నకు రోగి తానుగా సమాధానము చెప్పలేడు. భార్యయో, భర్తయో, కోడలో, మనుమడో చెప్పవలెను. ఇచటనే మన భాషాసమస్య యెదురగుచున్నది. చాల కుటుంబములలో ఇంటి పెద్ద బయటి వ్యవహారమున స్థానికభాషను చక్కగా మాటలాడును. ఆసుపత్రికి ఒంటరిగ పోయి పట్టీ కట్టించుకొని వచ్చును. రాత్రి మేలుకొని ఆయన ఊపిరి కొరకు చెవియొగ్గిన ఇల్లాలు తెలుగు తప్ప ఎరుగక ఇంటనే యుండిపోవును. అసలు సాక్ష్యము వైద్యుని గుమ్మము దాటదు.

ఆ గుమ్మము దాటించుట కష్టము కాదు. కన్నడమున గురకను గొరకె యందురు. తమిళమున కుఱట్టై యందురు. ఈ రెండును మన గురకకు చుట్టములని చెవికే తెలియుచున్నది. మరాఠీలో ఘోరణే, ఒడియాలో ఘుంగుడి. మన పాఠశాలలలో చదువు పిల్లలు రెండు భాషలు నేర్చినవారు. అవ్వ చెప్పిన మాటను వైద్యునికి చేర్చుట వారి రెండు భాషల చదువునకు తగిన పని. గురక ఎంత పెద్దదో, నడుమ ఎంతసేపు నిశ్శబ్దమగుచున్నదో, ఎగశ్వాసతో లేచుచున్నాడో లేదో, ఉదయము తలనొప్పి యున్నదో, పగలు కూర్చున్నచోటనే కునుకుచున్నాడో ఒక కాగితముపై వ్రాసి పంపినను చాలును. తోడు లేక ఒంటరిగ పరుండు వృద్ధులకు ఆ సాక్షియు లేడు. అట్టివారు మన సంఘములలో పెక్కురున్నారు. రక్తపోటు మందులకు లొంగనపుడు వారిని రాత్రి పరీక్షకు పంపవలసినదా యని వైద్యుని అడుగుట వారి బంధువుల విధి.

వైద్యశాస్త్రమునకు ఒక నూరేండ్లకు మించి పట్టిన సంగతి మన ఇండ్లలో ఒక్క రాత్రిలో తెలియగలదు. ప్రక్కగదిలోని గురక తటాలున ఆగినపుడు నెమ్మది పడక, మరల ఊపిరి వచ్చువరకు లెక్కించుడని పాఠకులకు నా మనవి.